వ్యాపార చిహ్నాల నమోదులో ‘నివాసి’: ప్రాంతాల పోలికపై ఒక చారిత్రక పరిశీలన

తెలుగునాట సరుకును దాని మార్కుతో గుర్తించే అలవాటు చాలాకాలంగా ఉంది. ‘ఏనుగు మార్కు’, ‘గుర్రం మార్కు’, ‘లక్ష్మి మార్కు’ వంటి పలుకుబళ్లు అంగళ్లలో పుట్టి ఇళ్లలోకి వచ్చాయి. అక్షరాలు రాని కొనుగోలుదారు కూడా బొమ్మను చూసి సరుకును పోల్చుకోగలిగేవాడు. ముద్ర, ఛాపు, మార్కు, వ్యాపార చిహ్నం అన్న మాటలు వేరువేరు కాలాల్లో ఈ అవసరాన్నే తెలియజేశాయి. సరుకు ఎవరిదో కొనేవానికి తెలియాలి, ఒకరి పేరును మరొకరు వాడుకోరాదు అన్నవి ఇందులోని రెండు ప్రయోజనాలు. ఈ గుర్తులను రాజ్యం ఒక పుస్తకంలోకి ఎక్కించడం మొదలుపెట్టిన తరువాత వాటిని లెక్కించడం సాధ్యమైంది. లెక్క వచ్చిన తరువాత పోలిక వచ్చింది.

నేడు ఒక దేశంలోనో రాష్ట్రంలోనో నివసించేవారు ఏటా ఎన్ని వ్యాపార చిహ్నాలకు దరఖాస్తు చేశారన్న సంఖ్యను ఆ ప్రాంతపు వ్యాపార చైతన్యానికి కొలమానంగా తీసుకొంటున్నారు. విదేశీయుల దరఖాస్తులు ఒక విపణి ఇతరులను ఎంత ఆకర్షిస్తున్నదో చెప్తాయని, నివాసుల దరఖాస్తులు ఆ నేల మీది ఉద్యమశీలతను చెప్తాయని ఒక సాధారణ వివరణ ఉంది. ఇది పూర్తిగా తప్పు కాదు. అయితే ఈ సంఖ్య మూడు ప్రశ్నలకు చట్టం ఇచ్చిన సమాధానాలపై ఆధారపడి ఉంది. నివాసి ఎవరు? ఒక దరఖాస్తు అంటే ఏది? దేనిని చట్టం వ్యాపార చిహ్నంగా అంగీకరించింది? ఈ మూడింటికి సమాధానాలు కాలానుగుణంగా, దేశాన్నిబట్టి మారుతూ వచ్చాయి. ఆ మార్పులను గమనించకుండా చేసే పోలికలో చట్టాల చరిత్ర ప్రజల సామర్థ్యంగా కనిపించే ప్రమాదం ఉంది. చేనేత వంటి సామూహిక వృత్తులు ప్రధానమైన తెలుగు ప్రాంతాల విషయంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

నమోదుకు పూర్వస్థితి

వ్యాపార చిహ్నాలకు జాతీయస్థాయి నమోదు 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో స్థిరపడింది. ఫ్రాన్సు 1857లోను, జర్మనీ 1874లోను, బ్రిటన్ 1875లోను, జపాను 1884లోను ఇందుకు శాసనాలు చేశాయి. బ్రిటిషు చట్టం 1876 జనవరి 1న అమలులోకి రాగా, మొదటి సంఖ్య బాస్ అనే బీరు తయారీ సంస్థకు చెందిన ఎర్ర త్రిభుజానికి దక్కింది. పారిశ్రామిక ఉత్పత్తి పెరిగి, రైలు మార్గాల ద్వారా సరుకు దూరప్రాంతాలకు చేరుతున్న దశ అది. అమ్మేవాడు, కొనేవాడు ఒకరినొకరు ఎరగని విపణిలో గుర్తుకు విలువ పెరిగింది.

బ్రిటిషు ఏలుబడిలోని భారతదేశానికి మాత్రం ఆ నమోదు వెంటనే అందలేదు. 1879లో ఒక బిల్లు ప్రతిపాదితమైనా వర్తక వర్గాల వ్యతిరేకత వల్ల చట్టం కాలేదు. 1889 నాటి వాణిజ్య చిహ్నాల చట్టం దొంగమార్కులు వేసేవారిని శిక్షించడానికి ఉద్దేశించినది. చిహ్నాన్ని నమోదు చేసి హక్కు ఇచ్చే ఏర్పాటు దానిలో లేదు. అందువల్ల స్వదేశీ వర్తకుడు తన గుర్తు తనదని నిరూపించుకోవాలంటే దీర్ఘకాలపు వాడుకను, విపణిలో సంపాదించిన పేరును న్యాయస్థానంలో చూపవలసి వచ్చేది. కొందరు తమ యాజమాన్య ప్రకటనను దస్తావేజుల నమోదు కార్యాలయంలో రిజిస్టరు చేయించి, పత్రికలలో హెచ్చరిక ప్రకటన వేయించేవారు.

దీనినిబట్టి మొదటి జాగ్రత్త స్పష్టమవుతుంది. 1876 నుండి 1942 వరకు బ్రిటను నివాసుల చిహ్నాలకు సంఖ్యలున్నాయి, భారతదేశ నివాసుల చిహ్నాలకు లేవు. సంఖ్య లేకపోవడానికి కారణం గుర్తులు లేకపోవడం కాదు, వాటిని ఎక్కించుకొనే పుస్తకం లేకపోవడం.

షెఫీల్డు, మాంచెస్టరు: ప్రాంతమే అర్హత

నివాసానికి, నమోదుకు ఉన్న సంబంధాన్ని తెలుసుకోవడానికి ఇంగ్లండులోని రెండు నగరాలు ఉపకరిస్తాయి. షెఫీల్డు కత్తులకు, లోహ పరికరాలకు పేరుమోసిన పట్టణం. అక్కడి కత్తుల పనివారి సంఘానికి 1624లోనే శాసనబద్ధమైన ప్రతిపత్తి లభించింది. సభ్యులకు గుర్తులు కేటాయించి, వాటి పుస్తకాన్ని నిర్వహించే అధికారం ఆ సంఘానికి ఉండేది. 1875 చట్టం లండనులో దేశమంతటికీ ఒకే పుస్తకాన్ని తెరిచిన తరువాత కూడా ఈ స్థానిక సంప్రదాయం అంతరించలేదు. 1883 చట్టం షెఫీల్డు రిజిస్టరును ప్రత్యేకంగా గుర్తించింది. హాలంషైరులోగాని, దానికి ఆరు మైళ్ల లోపలగాని వ్యాపారం చేసేవారి లోహ వస్తువుల చిహ్నాలు ఆ రిజిస్టరులోకి ఎక్కాయి. వ్యాపారి ఎక్కడ ఉన్నాడన్న దానినిబట్టి అతని చిహ్నం ఏ పుస్తకంలోకి పోవాలో నిర్ణయమైన తొలి ఉదాహరణలలో ఇది ముఖ్యమైనది.

మాంచెస్టరు చరిత్ర భారతదేశంతో నేరుగా ముడిపడింది. అక్కడి నూలు బట్టల చిహ్నాల పరిశీలనకు ప్రత్యేకమైన ఏర్పాటు ఉండేది. ఆ బట్టలలో అధికభాగం భారతదేశానికి వచ్చేవి. తానులపై అంటించే రంగుల చీటీలలో దేవతామూర్తులు, ఏనుగులు, నెమళ్లు, రాజుల బొమ్మలు ఉండేవి. ఆ బొమ్మలను చూసి సరుకును గుర్తుపట్టవలసినవారు ఇక్కడి కొనుగోలుదారులు. ఆ బొమ్మలకు అర్థం ఇక్కడి పురాణాలలో, జాతరలలో, ఇళ్ల గోడలమీది పటాలలో ఉంది. కాని చిహ్నానికి యజమాని ఇంగ్లండు నివాసి. లెక్కలో అది లాంకషైరు చొరవగా నమోదైంది. గుర్తు వెనుకనున్న సంస్కృతి ఒక ప్రాంతానిది, గుర్తుపై హక్కు వేరొక ప్రాంతానిది అయినప్పుడు నివాసుల లెక్క హక్కు ఎవరిదో మాత్రమే చెప్పగలదు. ఈ పరిమితి నేటి లెక్కలకు కూడా వర్తిస్తుంది.

1940 చట్టం, తెలుగు వర్తకుని స్థానం

భారతదేశంలో వ్యాపార చిహ్నాల నమోదుకు 1940లో చట్టం వచ్చింది. అది 1942 జూన్ 1న అమలులోకి వచ్చింది. అది బ్రిటిషిండియాకు చేసిన చట్టం. కృష్ణా, గోదావరి, గుంటూరు, కడప జిల్లాల వర్తకులు మద్రాసు రాజధాని నివాసులుగా ఆ చట్టం పరిధిలోకి వచ్చారు. హైదరాబాదు సంస్థానపు వర్తకులు ఆ భూభాగానికి వెలుపల ఉన్నారు. తెలుగు మాట్లాడే ప్రజలు ఒకే కాలంలో రెండు వేర్వేరు ప్రభుత్వాల కింద ఉన్నందువల్ల 1942 నాటి లెక్కలో ‘తెలుగు ప్రాంతం’ అనే విభాగమే లేదు.

హైదరాబాదులో 1920లో మొదలైన జిందా తిలిస్మాత్ ఔషధం సంస్థానపు సరిహద్దులలో పుట్టి, ఆ తరువాత దేశంలోని అనేక ప్రాంతాలకు వ్యాపించింది. దాని సీసాపై ఉన్న నల్లజాతి యోధుని బొమ్మ నిజాం సైన్యంలోని ఆఫ్రికా సంతతివారిని గుర్తుచేస్తుంది. ఆ చిహ్నం జనంలో వేళ్లూనుకొన్న కాలంలో బ్రిటిషిండియా పుస్తకం ఇంకా తెరుచుకోలేదు.

స్వాతంత్ర్యానంతరం న్యాయమూర్తి ఎన్. రాజగోపాల అయ్యంగారు వ్యాపార చిహ్నాల చట్టాన్ని సమీక్షించి 1955లో నివేదిక సమర్పించారు. దాని ఆధారంగా రూపొందిన 1958 చట్టం 1959 నవంబరు 25న అమలులోకి వచ్చింది. ప్రస్తుతపు 1999 చట్టం 2003 సెప్టెంబరు 15 నుండి అమలులో ఉంది. ఈ మధ్యకాలంలోనే ఆంధ్రరాష్ట్రం 1953లో, ఆంధ్రప్రదేశ్ 1956లో ఏర్పడ్డాయి. 2014లో తెలంగాణ వేరుపడింది. చట్టాల తేదీలు, రాష్ట్రాల తేదీలు ఒకదానితో ఒకటి కలవవు. దీర్ఘకాలిక పోలిక చేయదలచినవారికి ‘ఆంధ్రప్రదేశ్’ అనే పేరు కింద వేర్వేరు భూభాగాలు ఎదురవుతాయి. 2014 తరువాత ఆ పేరు ఎదుట సంఖ్య తగ్గితే అది వ్యాపారం తగ్గినట్లు కాదు, హైదరాబాదు వేరొక వరుసలోకి మారినట్లు.

నివాసి ఎవరు?

అంతర్జాతీయ లెక్కలను సమకూర్చే ప్రపంచ మేధోసంపత్తి సంస్థ, దరఖాస్తులో మొదట పేర్కొన్న దరఖాస్తుదారుని నివాసాన్నిబట్టి దాని మూలదేశాన్ని నిర్ణయిస్తుంది. భారతదేశంలో దరఖాస్తు ఏ కార్యాలయానికి వెళ్లాలన్నది దరఖాస్తుదారుని ప్రధాన వ్యాపారస్థలంపై ఆధారపడి ఉంటుంది. ముంబయి, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై, అహమ్మదాబాదు నగరాలలో ఈ కార్యాలయాలున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ, పుదుచ్చేరి, లక్షద్వీప్ ప్రాంతాలు చెన్నై పరిధిలోనివి. భారతదేశంలో వ్యాపారస్థలం లేనివారి దరఖాస్తులు వారు ఇచ్చిన ఇక్కడి చిరునామానుబట్టి ఆయా కార్యాలయాలకు చేరతాయి. ఆ చిరునామా సాధారణంగా న్యాయవాదిది లేదా ఏజెంటుది. కాబట్టి కార్యాలయాలవారీ సంఖ్యలను ప్రాంతాలవారీ సంఖ్యలుగా చదవరాదు.

ప్రధాన వ్యాపారస్థలం అన్న ప్రమాణం చారిత్రకంగా తెలుగువారికి ఏమి చేసిందో అమృతాంజనం చరిత్ర తెలియజేస్తుంది. కృష్ణా జిల్లాకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో ఈ లేపనాన్ని ప్రారంభించారు. దానిపై వచ్చిన ఆదాయమే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికకు, తరువాత మద్రాసు నుండి 1924లో వెలువడిన భారతికి ఆధారమైంది. 1936లో అమృతాంజనం మద్రాసులో లిమిటెడ్ కంపెనీగా రూపొందింది. 1938లో నాగేశ్వరరావు మరణించేనాటికి దేశంలో చిహ్నాల నమోదు చట్టం లేదు. తెలుగు పత్రికారంగాన్ని, గ్రంథప్రచురణను, గ్రంథాలయోద్యమాన్ని పోషించిన ఈ చిహ్నాన్ని నివాస ప్రమాణంతో లెక్కిస్తే మొదట బొంబాయికి, తరువాత మద్రాసుకు చెందుతుంది. ఏ దశలోను తెలుగు జిల్లాల ఖాతాలోకి రాదు.

ఇది ఒక్కరి విషయం కాదు. 20వ శతాబ్దపు పూర్వార్ధంలో మద్రాసు తెలుగువారికి కూడా వాణిజ్య రాజధాని. పెట్టుబడి, ముద్రణాలయం, ఓడరేవు, ఉన్నత న్యాయస్థానం అక్కడ ఉన్నాయి. చొరవగల వర్తకుడు నగరానికి వలసపోవడం సహజం. అందువల్ల నివాసుల దరఖాస్తుల లెక్క ప్రజల చొరవతో పాటు నగరాల ఆకర్షణను కూడా కొలుస్తుంది. దేశంలోని రాష్ట్రాలవారీ లెక్కలలో మహారాష్ట్ర, ఢిల్లీ ముందుండడానికి అక్కడి వ్యాపారంతో పాటు, ఇతర ప్రాంతాలలో ఉత్పత్తి జరిపే సంస్థల ప్రధాన కార్యాలయాలు అక్కడ ఉండడమూ కారణమే. విదేశీ సంస్థ భారతదేశంలో స్థాపించిన అనుబంధ కంపెనీ తన పేరుతో దరఖాస్తు చేస్తే అది కూడా నివాసి దరఖాస్తే అవుతుంది.

ప్రాంతం అనే భావన నమోదైన హక్కునే హద్దు చేసిన సందర్భం కూడా ఉంది. అమృతధార, లక్ష్మణధార అనే రెండు ఔషధాల పేర్ల వివాదంలో సుప్రీంకోర్టు 1962లో తీర్పు చెప్పింది. రెండు పేర్లు కొనుగోలుదారులను భ్రమింపజేసేంత దగ్గరగా ఉన్నాయని అంగీకరిస్తూనే, మొదటి సంస్థ చాలాకాలం అభ్యంతరం చెప్పకుండా ఊరుకొన్న ప్రత్యేక పరిస్థితిని గమనించి, లక్ష్మణధార నమోదును ఉత్తరప్రదేశ్‌లోని అమ్మకాలకు పరిమితం చేసింది. దేశమంతటికీ వర్తించే నమోదు, ఒక్క రాష్ట్రానికి పరిమితమైన నమోదు లెక్కలో చెరొక అంకెగానే నిలుస్తాయి. వాటి విస్తృతి సమానం కాదు.

దరఖాస్తు అంటే ఏది?

చిహ్నం ఎల్లప్పుడు ఏదో ఒక సరుకుకో సేవకో సంబంధించి నమోదవుతుంది. 1957 నాటి నీస్ ఒప్పందం సరుకులను, సేవలను తరగతులుగా విభజించింది. ప్రస్తుతం 45 తరగతులున్నాయి. వాటిలో మొదటి 34 సరుకులవి, మిగిలిన 11 సేవలవి. హైదరాబాదులోని ఒక సంస్థ ఒకే పేరును ఊరగాయలకు 29వ తరగతిలో, కారప్పొడులకు 30వ తరగతిలో, భోజనశాలకు 43వ తరగతిలో కోరిందనుకొందాం. ఒకే దరఖాస్తులో అనేక తరగతులను కోరే వీలున్న దేశంలో ఇది ఒక్క దరఖాస్తు. తరగతికొక దరఖాస్తు పెట్టవలసిన దేశంలో ఇవి మూడు. భారతదేశంలో బహుళ తరగతుల దరఖాస్తు 2003 నుండి, చైనాలో 2014 నుండి సాధ్యమైంది. ఈ తేడా వల్ల దరఖాస్తుల సంఖ్యను నేరుగా పోల్చడం కుదరదు. అందుకే ప్రపంచ మేధోసంపత్తి సంస్థ దరఖాస్తులలో పేర్కొన్న తరగతులను లెక్కించే పద్ధతిని అనుసరిస్తుంది. 2022లో ప్రపంచవ్యాప్తంగా దాఖలైన దరఖాస్తులు దాదాపు 1.18 కోట్లు కాగా, వాటిలోని తరగతులు దాదాపు 1.55 కోట్లు. రెండు సంఖ్యలూ నిజమే. ఏది ఎక్కడ వాడారో చెప్పనప్పుడు పోలిక తప్పుతుంది.

సేవల తరగతుల చరిత్ర మన ప్రాంతానికి ముఖ్యమైనది. 1940, 1958 చట్టాల కింద భారతదేశంలో సరుకుల చిహ్నాలకే నమోదు ఉండేది. సేవల చిహ్నాలకు 1999 చట్టంతోనే, అంటే 2003 నుండి, నమోదు లభించింది. అంతకు ముందు విజయవాడలోని హోటలు యజమాని తన భోజనశాల పేరును ఆ సేవకు చిహ్నంగా నమోదు చేయించుకొనే మార్గం లేదు. రవాణా సంస్థలు, చిట్టీల సంస్థలు, విద్యాలయాలు, ఆస్పత్రులు కూడా అంతే. మిల్లులు, కర్మాగారాలు అధికంగా ఉన్న బొంబాయి, అహమ్మదాబాదు ప్రాంతాలు ఆ ఆరు దశాబ్దాల లెక్కలో పెద్దవిగా కనిపించడంలో ఈ నియమానికి భాగముంది. సాఫ్టువేరు, వైద్యం, విద్య, ఆతిథ్యం వంటి సేవలు ప్రధానమైన హైదరాబాదు 2003 తరువాతనే తన వ్యాపార స్వరూపానికి తగిన లెక్కలోకి రాగలిగింది.

ప్రాంతీయ కార్యాలయాలు మరొక చిక్కును తెస్తాయి. బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గు దేశాలకు 1971 నుండి ఉమ్మడి నమోదు ఉంది. ఐరోపా సమాజపు ఉమ్మడి చిహ్నానికి స్పెయిన్‌లోని అలికాంతే కార్యాలయం 1996 నుండి దరఖాస్తులు తీసుకొంటున్నది. జర్మనీ నివాసి తన దేశపు కార్యాలయానికి వెళ్లకుండా అలికాంతేకు వెళ్తే జర్మనీ కార్యాలయపు సంఖ్య తగ్గుతుంది, జర్మనీ నివాసుల చొరవ తగ్గదు. బ్రిటన్ ఐరోపా సమాఖ్యను వీడిన తరువాత 2021లో అక్కడి కార్యాలయానికి వచ్చిన దరఖాస్తులు బాగా పెరిగాయి. అంతవరకు ఒకే ఐరోపా దరఖాస్తుతో సరిపెట్టుకొన్నవారు రెండవ దరఖాస్తు పెట్టవలసి రావడం దానికి ప్రధాన కారణం.

చైనా అనుభవం

నివాసుల దరఖాస్తుల పోలికలో చైనాను వదలి ఏ మాటా చెప్పలేము. 1982లో ఆమోదం పొంది 1983 మార్చి 1న అమలులోకి వచ్చిన చట్టంతో ఆధునిక చైనా నమోదు మొదలైంది. సేవల చిహ్నాలు 1993 సవరణతో చేరాయి. వ్యక్తులు తమ పేరుతో దరఖాస్తు చేసే అవకాశం 2001 సవరణతో విస్తరించింది. దరఖాస్తు రుసుమును క్రమంగా తగ్గిస్తూ 2017లో 600 యువాన్ల నుండి 300 యువాన్లకు తెచ్చారు. వీటికి తోడు ఆన్‌లైన్ అంగళ్లు చిన్న వర్తకునికి కూడా సొంత చిహ్నం అవసరమయ్యే పరిస్థితి కల్పించాయి. 2021లో చైనా కార్యాలయానికి 94 లక్షలకు పైగా దరఖాస్తులు అందాయి. దేశంలో గువాంగ్‌దాంగ్, జెజియాంగ్ వంటి తీరప్రాంత రాష్ట్రాలు ముందున్నాయి. ఎగుమతి పరిశ్రమలు, టోకు విపణులు అక్కడ కేంద్రీకృతమైనవి.

ఈ సంఖ్యను చైనా పాలకులు కూడా యథాతథంగా విజయంగా స్వీకరించలేదు. వాడే ఉద్దేశం లేకుండా చిహ్నాలను ముందుగా పట్టుకొని అమ్ముకొనేవారిని అరికట్టడానికి 2019 నవంబరు 1 నుండి అమలైన సవరణలో దురుద్దేశపు దరఖాస్తులను తిరస్కరించే నిబంధన చేర్చారు. 2022లో అక్కడి దరఖాస్తులు 75 లక్షల ప్రాంతానికి తగ్గాయి. ఆ ఏడాది ప్రపంచపు మొత్తం తగ్గడానికి ఇదే ప్రధాన కారణం. ఒక్క ఏడాదిలో సుమారు 19 లక్షల దరఖాస్తులు తగ్గినందువల్ల ఒక సమాజపు ఉద్యమశీలత ఐదవవంతు తరిగిపోయిందని చెప్పలేము. రుసుము, ప్రోత్సాహకం, పరిశీలనలోని కాఠిన్యం మారితే సంఖ్య మారుతుంది.

అమెరికా మరొక కొనలో ఉంది. అక్కడ హక్కుకు మూలం వాడుక. వాడబోయే ఉద్దేశంతో దరఖాస్తు చేసే అవకాశం 1989 నవంబరులో వచ్చినా, దేశీయ దరఖాస్తుదారుడు నమోదు పొందాలంటే వాడుకను చూపవలసిందే. వాడుకను కోరే దేశపు 100 దరఖాస్తులు, కోరని దేశపు 100 దరఖాస్తులు ఒకే విషయానికి సాక్ష్యాలు కావు.

భారతదేశపు పెరుగుదల

భారతదేశంలో 2014–15లో సుమారు 2.10 లక్షల దరఖాస్తులు దాఖలు కాగా, 2022–23లో అవి సుమారు 4.66 లక్షలకు చేరాయి. ఎనిమిదేళ్లలో రెండింతలకు మించిన ఈ పెరుగుదలలో అత్యధికభాగం దేశ నివాసులదే. భారతదేశం 2013 జులై 8న మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో చేరినందువల్ల విదేశీయుల రాక సులభమైనా, ఈ పెరుగుదలకు ఆధారం దేశీయ దరఖాస్తుదారులే.

ఇందులో వ్యాపారాల వృద్ధి ఉంది. దానితో పాటు నియమాల మార్పూ ఉంది. 2017 మార్చి 6న అమలులోకి వచ్చిన నియమావళి 74 ఫారాలను 8కి కుదించింది. వ్యక్తులకు, అంకుర సంస్థలకు, చిన్న పరిశ్రమలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుమును తరగతికి 4,500 రూపాయలుగాను, ఇతరులకు 9,000 రూపాయలుగాను నిర్ణయించింది. ఆన్‌లైన్ విధానం చెన్నై ప్రయాణాన్ని అనవసరం చేసింది. కార్యాలయం నుండి దూరంగా ఉన్న ఆదిలాబాదు, శ్రీకాకుళం వంటి జిల్లాలకు ఈ మార్పు దూరపు భారాన్ని తీర్చిందని చెప్పవచ్చు.

భాష భారం మాత్రం తీరలేదు. దరఖాస్తు హిందీలోగాని ఇంగ్లీషులోగాని ఉండాలి. చిహ్నంలో ఇతర లిపులలోని మాటలుంటే వాటి లిప్యంతరీకరణను, అనువాదాన్ని హిందీలోనో ఇంగ్లీషులోనో ఇవ్వాలి. తెలుగు అక్షరాలతో చీటీ ముద్రించుకొని తెలుగు కొనుగోలుదారులకే అమ్మే వడియాల తయారీదారు తన గుర్తును నమోదు చేయించాలంటే ఆ మాటలను వేరొక భాషలోకి మార్చి చూపాలి. పరిశీలన సౌకర్యం దృష్ట్యా ఈ నియమానికి హేతువుంది. కాని హిందీ ప్రాంతపు వర్తకునికి లేని ఒక మెట్టు తెలుగు, తమిళ, ఒడియా వర్తకులకు ఉన్నదన్నది కూడా వాస్తవం. ఏజెంటు అవసరం, ఖర్చు దానితో పెరుగుతాయి. ప్రాంతాల పోలికలో ఈ అంశాన్ని లెక్కలోకి తీసుకోవలసి ఉంది.

ఊరి పేరు లెక్కలోకి రాదు

పై పరిమితులన్నింటికంటె ముఖ్యమైనది మూడవ ప్రశ్నకు సంబంధించినది. ఒక ప్రాంతపు వ్యాపార ప్రతిష్ఠ తరచుగా ఆ ఊరి పేరులోనే ఉంటుంది. పోచంపల్లి, మంగళగిరి, ఉప్పాడ, వెంకటగిరి, గద్వాల అన్న పేర్లు చీరల విషయంలో ఏ కంపెనీ చిహ్నానికీ తీసిపోవు. తరతరాల నేతపనివారు కలిసి సంపాదించిన పేర్లవి. అయితే సరుకు పుట్టిన చోటును మాత్రమే సూచించే మాట వ్యాపార చిహ్నంగా నమోదుకు సాధారణంగా అర్హం కాదు. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం అటువంటి గుర్తింపులను వ్యాపార చిహ్నాలుగా నమోదు చేయడాన్ని నిషేధించింది. ఊరి పేరు ఒక్కరి సొత్తు కారాదన్నది ఈ నియమంలోని న్యాయం. నేతపనివారికి ఇది రక్షణే.

ఆ రక్షణ ఫలితంగా, ఒక ప్రాంతపు మిక్కిలి విలువైన పేరు ఆ ప్రాంత నివాసుల వ్యాపార చిహ్నాల లెక్కలో కనిపించదు. అది చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీలో వేరొక పుస్తకంలో ఉంటుంది. పోచంపల్లి ఇక్కత్‌కు ఆ గుర్తింపు దేశంలోని తొలి నమోదులలో ఒకటిగా లభించింది. చేనేత సహకార సంఘం, టై అండ్ డై పట్టుచీరల తయారీదారుల సంఘం కలిసి దానిని సాధించాయి. అనేక కుటుంబాల శ్రమకు అక్కడ ఒకే ఒక సంఖ్య ఉంది. నగరంలోని ఒక వస్త్ర వ్యాపార సంస్థ తన కొత్త పేరును పది తరగతులలో కోరితే వ్యాపార చిహ్నాల లెక్కలో పది తరగతులు చేరతాయి. ఆ సంస్థ అమ్మేది పోచంపల్లి చీరే కావచ్చు. లెక్కను మాత్రమే చదివేవారికి నగరంలో చొరవ, పల్లెలో నిశ్శబ్దం కనిపిస్తాయి.

మాంచెస్టరు చీటీల నాటి పరిస్థితికి, దీనికి ఒక పోలిక ఉంది. నాడు బొమ్మ ఇక్కడిది, హక్కు అక్కడిది. నేడు నేత పల్లెది, వ్యక్తిగత చిహ్నం నగరానిది. సామూహిక చిహ్నాలకు 1999 చట్టం ప్రత్యేక అవకాశం కల్పించింది. సహకార సంఘాలు భౌగోళిక గుర్తింపుతో పాటు తమ సొంత చిహ్నాలను కూడా నమోదు చేయించుకొంటే ఈ అంతరం కొంత తగ్గవచ్చు. అప్పుడు కూడా సంఘం పేరిట ఉన్న ఒక్క చిహ్నం వెనుక ఎందరు వృత్తిదారులున్నారన్న సంగతిని లెక్క చెప్పదు.

ముగింపు

నివాసుల దరఖాస్తుల పోలిక నిరుపయోగమైనది కాదు. ఒకే చట్టం, ఒకే రుసుము, ఒకే లెక్కింపు పద్ధతి ఉన్న కాలవ్యవధిలో ఒకే భూభాగపు సంఖ్యలను వరుసగా చూసినప్పుడు అది వ్యాపార స్వభావంలోని మార్పును తెలుపుతుంది. హద్దులు దాటినప్పుడు నాలుగు అంశాలను ముందుగా సరిచూడాలి. లెక్కించినవి దరఖాస్తులా, తరగతులా అన్నది మొదటిది. నివాసాన్ని నిర్ణయించినది ప్రధాన కార్యాలయమా, ఉత్పత్తి స్థలమా అన్నది రెండవది. నమోదుకు వాడుక అవసరమా, రుసుము ఎంత, ఏ భాషలో కోరాలి అన్నవి మూడవది. సామూహికమైన పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయన్నది నాలుగవది.

ఈ పరిశీలనకు ఆచరణలో ప్రయోజనం ఉంది. నేడు రాష్ట్రాల ర్యాంకులు, ప్రోత్సాహకాలు, శిక్షణ కేంద్రాల కేటాయింపులు ఇటువంటి సంఖ్యల ఆధారంగా జరిగే అవకాశం పెరుగుతున్నది. దరఖాస్తులు తక్కువగా ఉన్న జిల్లాను చొరవలేని జిల్లాగా భావిస్తే, అక్కడ నిజంగా ఉన్న నైపుణ్యానికి అందవలసిన సాయం అందదు. తెలుగు ప్రాంతాల చరిత్రలో చొరవ ఒకచోట పుట్టి వేరొక నగరపు ఖాతాలో చేరిన ఉదాహరణ అమృతాంజనం. సామూహిక ప్రతిష్ఠ ఉండి కూడా వ్యాపార చిహ్నాల లెక్కలోకి రాని ఉదాహరణ పోచంపల్లి. వ్యాపార చిహ్నాల రిజిస్టరుతో పాటు భౌగోళిక గుర్తింపుల రిజిస్టరును, సహకార సంఘాల దస్త్రాలను, పాత పత్రికలలోని ప్రకటనలను కలిపి చదివినప్పుడే ఒక ప్రాంతం తన సరుకుకు సంపాదించుకొన్న పేరు ఎంతటిదో నిర్ధారించడం సాధ్యమవుతుంది.